సమాన గుర్తు జవాబు రాయమని అడగదు

మా అన్నయ్య కూతురు ఏడో తరగతికి వచ్చింది. వేసవి సెలవుల్లో ఒకరోజు కాగితం మీద 8 + 4 = □ + 5 అని రాసి, గడిలో ఏ సంఖ్య రావాలో చెప్పమన్నాను. క్షణం ఆగకుండా 12 అని రాసేసింది. "మరి పక్కన ఈ అయిదు ఎందుకు ఉన్నట్టు?" అని అడిగాను. పెన్ను మళ్లీ అందుకుని, అయిదు పక్కన ఇంకో సమాన గుర్తు పెట్టి, 17 అని ముగించింది. నా వైపు చూసిన చూపులో ఇంత తేలిక లెక్క ఎందుకు ఇచ్చావన్న విసుగు కూడా కనిపించింది.

లెక్కల్లో ఆమె వెనకబడిన పిల్ల కాదు. ఎక్కాలు ఇరవై దాకా తడుముకోకుండా చెబుతుంది. పొరపాటు లెక్క చేయడంలో లేదు, గుర్తును చదవడంలో ఉంది. ఒకటో తరగతి నుంచి ఆమె చూసిన లెక్కలన్నిటిలోనూ ఎడమవైపు చేయాల్సిన పని, మధ్యలో సమాన గుర్తు, కుడివైపు ఖాళీ. కాలిక్యులేటర్‌లోనూ అంతే: ఆ మీట నొక్కితే జవాబు వస్తుంది. ఆరేళ్లు ఇలా గడిచాక, సమాన గుర్తు అంటే "ఇక జవాబు రాయి" అన్న ఆజ్ఞ అని ఏ పిల్లయినా అనుకుంటుంది. మనమూ అలాగే పెరిగాం. 5 + 3 = 8 × 2 = 16 − 4 = 12 అని ఒకే వరుసలో గీసుకుంటూ పోయిన రోజులు గుర్తు తెచ్చుకోండి. జవాబు 12 సరైనదే. కానీ ఆ వరుసను అక్షరాలా చదివితే ఎనిమిదీ పదహారూ సమానమని, పదహారూ పన్నెండూ సమానమని చెబుతోంది. అంకగణితంలో ఈ అలవాటు పెద్దగా హాని చేయదు. బీజగణితం మొదటి పాఠంలోనే కాలికి అడ్డం పడుతుంది.

ఆ గుర్తును 1557లో అచ్చులోకి తెచ్చినవాడు వేల్స్‌కు చెందిన వైద్యుడు, గణితజ్ఞుడు రాబర్ట్ రికార్డ్. "దీనికి అది సమానం" అని మాటల్లో పదే పదే రాయడం విసుగెత్తి, ఆ మాటలకు బదులు రెండు సమాంతర గీతలు గీశాడు. ఆ రెండు గీతలే ఎందుకంటే, వాటికంటే సమానమైన జంట ఇంకేముంటుందన్నది ఆయన వాదన. అంటే పుట్టుకలో ఆ గుర్తు ఆజ్ఞ కాదు. "ఇటున్నదీ అటున్నదీ ఒకటే" అని చెప్పే ప్రకటన. అలా చదివితే మన గడిలో 7 తప్ప ఇంకేదీ పట్టదు.

ఇక సమీకరణం. పత్రికల్లో "రాజకీయ సమీకరణాలు మారుతున్నాయి" అని చదివీ చదివీ ఆ మాటకు ఎత్తుగడలనో, లెక్కలేసుకోవడమనో అర్థం స్థిరపడిపోయింది. నిధుల సమీకరణ, భూ సమీకరణ అన్నప్పుడు పోగుచేయడమన్న అర్థం. గణితంలో మాత్రం పదం విడదీస్తే ఏం వస్తుందో అదే: సమం చేయడం. రెండు రాశుల మధ్య సమాన గుర్తు పెట్టి, అవి సమానమని చెప్పే వాక్యం సమీకరణం.

వాక్యం అన్న మాటను ఊరికే వాడలేదు. "మా ఊరి చెరువు" అన్నారనుకోండి. నిజమా, అబద్ధమా అని ఎవరూ అడగరు, ఎందుకంటే ఇంకా ఏమీ చెప్పలేదు. "మా ఊరి చెరువు నిండింది" అంటే ఒక సంగతి చెప్పినట్టు. అది నిజం కావచ్చు, కాకపోవచ్చు. బీజగణితంలో మొదటిదాన్ని సమాసం అంటారు, రెండోదాన్ని సమీకరణం అంటారు. సమాసాన్ని సూక్ష్మీకరించగలం, విలువ కట్టగలం. సాధించలేం, సాధించడానికి అక్కడ ఏమీ లేదు. సమాసాన్ని సూక్ష్మీకరించమంటే పక్కన తమంతట తామే "= 0" చేర్చి సాధించుకుంటూ పోయే పిల్లలున్నారు. వాళ్లు తడబడేది లెక్క దగ్గర కాదు, ఈ వ్యాకరణం దగ్గర.

సమీకరణంలో ఒక అక్షరం ఉంటుంది, విలువ తెలియని రాశికి గుర్తుగా. పాఠ్యపుస్తకాల్లో అది ఎక్స్. తెలియని రాశులకు ఇంగ్లీషు అక్షరమాల చివరి అక్షరాలు వాడే పద్ధతి 1637లో ఫ్రాన్స్ తత్వవేత్త దెకార్త్ పుస్తకంతో వాడుకలోకి వచ్చింది. అంతకు అయిదు శతాబ్దాల కిందటే మన భాస్కరాచార్యుడు ఆ రాశిని "యావత్ తావత్" అన్నాడు. ఎంతైతే అంత అని దాని అర్థం. రాసేటప్పుడు కుదించి "యా" అనేవారు. ఎక్స్ అనగానే ముఖం ముడుచుకునే పిల్లలకు "ఎంతైతే అంత" అన్న మాట ఎక్కువ నచ్చుతుందని నాకు అనుభవమైంది కాబట్టి, ఈ వ్యాసంలో యా అనే రాస్తాను.

ఇప్పుడు ఒక ఖాళీ వాక్యం: "____ నది మహారాష్ట్రలో పుట్టి, ఆంధ్రప్రదేశ్‌లో సముద్రంలో కలుస్తుంది." ఇది నిజమా, అబద్ధమా? ఖాళీ నింపేదాకా చెప్పలేం. పెన్నా అని నింపితే అబద్ధం, అది కర్ణాటకలో పుడుతుంది. గోదావరి అంటే నిజం. అక్కడితో ఆగిపోకండి, కృష్ణ అన్నా నిజమే. ఇక "____ నది హిమాలయాల్లో పుట్టి, మచిలీపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది" అని రాస్తే, ఏ పేరు తెచ్చి పెట్టినా ఆ వాక్యం నిజం కాదు. "____ నదిలో నీరుంటే అది తడిగా ఉంటుంది" అంటే ఏ పేరు పెట్టినా నిజమే.

సమీకరణం గురించి తెలుసుకోవాల్సింది దాదాపు అంతా ఈ మూడు వాక్యాల్లోనే ఉంది. 3యా + 5 = 20 అన్నది ఒక ఖాళీ వాక్యం. యా స్థానంలో 1 ప్రతిక్షేపిస్తే ఎడమవైపు 8 వస్తుంది, కుడివైపు 20. అబద్ధం. 2 పెడితే 11, అబద్ధం. 4 పెడితే 17, దగ్గరికి వచ్చింది గానీ అబద్ధమే. 5 పెడితే 20, నిజం. 6 పెడితే 23, దాటిపోయింది. వాక్యాన్ని నిజం చేసే ఆ 5కే సాధన అని పేరు, మూలం అని కూడా అంటారు. 5 ఈ సమీకరణాన్ని తృప్తిపరుస్తుంది అని పుస్తకాల్లో రాసేది దీన్నే.

సాధన అంటే ఇంతే. లెక్క కిందికి పది వరుసలు దిగడం సాధన కాదు, అది సాధనను వెతికే దారి. బడిలో ఈ రెండూ కలిసిపోవడం వల్ల, "ఈ సమీకరణానికి 5 సాధన అవునా కాదా?" అని అడిగితే చాలామంది సమీకరణాన్ని మొదటి నుంచి సాధించడం మొదలుపెడతారు. 5 పెట్టి చూస్తే సరిపోతుందని తట్టదు. తాళంచెవి చేతికిచ్చి ఇది ఈ తాళానిదేనా అని అడిగితే, కమ్మరి కొలిమి వెలిగించినట్టుంటుంది ఆ పని.

యత్న దోష పద్ధతిని, అంటే సంఖ్యలు పెట్టి చూసుకుంటూ పోవడాన్ని, పాఠ్యపుస్తకం ఒక పేజీలో ముగించి ముందుకు వెళ్లిపోతుంది. నేనైతే అక్కడ వారం రోజులు ఉంటాను. ఎందుకో చెప్పడానికి ఒక పాత పొడుపు లెక్క కావాలి.

చెట్టు మీద పక్షుల గుంపు ఉంది. కింద వెళుతున్న పక్షి "మీరు వందమందా?" అని అడిగింది. గుంపు ఇలా జవాబిచ్చింది: "మేమూ, మా అంతమందీ, మాలో సగమూ, ఆ సగంలో సగమూ, నీతో కలిపి వంద." గుంపులో ఎన్ని పక్షులు? ఆరుబయట మంచాలు వేసుకుని పడుకునే రోజుల్లో ఈ లెక్క వినకుండా పెరిగినవాళ్లు తక్కువ. పావులూరి మల్లన లెక్కలను పద్యాల్లో చెప్పిన భాష మనది, లెక్కను కథగా వినడం మనకు కొత్త కాదు.

పక్షులు యా అనుకుంటే యా + యా + యా/2 + యా/4 + 1 = 100. భిన్నాలు చూసి భయపడక్కర్లేదు, ఊహిద్దాం. సగం, సగంలో సగం తెగాలి కాబట్టి 4 అనుకుందాం. నాలుగు, నాలుగు, రెండు, ఒకటి, మొత్తం 11. మనకు కావాల్సింది 99, ఎందుకంటే ఒకటి కింద పక్షిది. పదకొండుకు తొమ్మిది రెట్లు తొంభైతొమ్మిది. అయితే నాలుగుకు తొమ్మిది రెట్లు, 36. సరిచూస్తే 36, 36, 18, 9, 1 కలిసి కచ్చితంగా వంద.

తప్పు ఊహను దిద్ది ఒప్పు చేసే ఈ యుక్తి చాలా పాతది. ఈజిప్టు లేఖకుడు ఆమెస్ సుమారు క్రీ.పూ. 1550లో నకలు రాసిన పపైరస్ చుట్టలో, ఒక రాశి, దానిలో ఏడో వంతు కలిస్తే 19 అయితే ఆ రాశి ఎంత అని ఒక లెక్క ఉంది. అక్కడ లేఖకుడు మొదట 7 అనుకుంటాడు. ఏడూ, అందులో ఏడో వంతు ఒకటీ కలిస్తే 8. ఎనిమిదిని పంతొమ్మిదిగా చేయడానికి ఎంతతో గుణించాలో చూసి, ఏడునూ అంతతోనే గుణిస్తాడు. 16, పైన ఎనిమిదింట అయిదు వంతులు వస్తుంది. ఆ చుట్ట ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. మూడున్నర వేల ఏళ్ల కిందటి మనిషి వేసిన అదే అడుగును, ఏడో తరగతి పిల్ల తనంతట తాను వేయగలదు. అందుకే ఆ వారం రోజులు.

అయితే ఈ యుక్తి అన్ని చోట్లా పారదు. తెలియని రాశి రెండు వైపులా ఉంటే ఊహలు ఎటు దిద్దాలో తెలియక తిప్పలు పెడతాయి. అప్పుడు తక్కెడ కావాలి.

ఒక పళ్లెంలో 5 బెల్లం దిమ్మలు, 2 కిలోల తూకపు రాయి ఉన్నాయి. రెండో పళ్లెంలో 3 దిమ్మలు, 10 కిలోల రాళ్లు. దిమ్మలన్నీ ఒకే బరువు. ముల్లు నడిమధ్యన నిలిచింది. రెండు పళ్లాల్లోంచీ మూడేసి దిమ్మలు తీసేయండి, ముల్లు కదలదు. రెండింట్లోంచీ రెండేసి కిలోలు తీసేయండి, అప్పుడూ కదలదు. ఎడమన రెండు దిమ్మలు, కుడిన 8 కిలోలు మిగిలాయి. కాబట్టి దిమ్మ 4 కిలోలు. కాగితం మీద ఇదే:

5యా + 2 = 3యా + 10
2యా + 2 = 10
2యా = 8
యా = 4

సరిచూద్దాం. ఎడమ పక్షం 5 × 4 + 2, అంటే 22. కుడి పక్షం 3 × 4 + 10, అదీ 22.

కిరాణా కొట్లో నూనెకో నెయ్యికో మనం పట్టుకెళ్లిన గిన్నెను ముందు పళ్లెంలో పెట్టి, దాని బరువుకు సరిపడా రెండో పళ్లెంలో ఏదో ఒకటి వేసి, ముల్లు సరిచేశాక తూకం మొదలుపెట్టే పద్ధతి ఉండేది. ఆ కొట్టతను రెండు వైపుల నుంచీ గిన్నెను కొట్టివేశాడన్నమాట. ఇప్పటి యంత్రాల్లో అదంతా ఒక మీటలో దాక్కుంది. పిల్లలకు చూపించడానికి తక్కెడే దొరకడం లేదు.

ఇక్కడ పక్షాంతరం గురించి నాకున్న కోపం చెప్పకుండా ఉండలేను. "అటు నుంచి ఇటు వస్తే ప్లస్ మైనస్ అవుతుంది" అని చెప్పి వదిలేస్తారు. ఏదో సరిహద్దు దాటగానే వేషం మార్చుకున్నట్టు. నిజానికి ఏదీ ఎటూ రాదు, పోదు. 2యా + 2 = 10లో రెండు వైపుల నుంచీ 2 తీసేశాం, ఎడమవైపు రెండు మాయమై, కుడివైపు 10 − 2గా కనిపించింది. అది చూసే కంటికి గెంతినట్టుంటుంది. పని తొందరగా కావడానికి అడ్డదారి మంచిదే, అసలు దారి తెలిసినవాడికి. తెలియనివాడు 2యా = 10 కనిపించగానే రెండును కూడా అవతలికి గెంతించి 10 − 2 అంటాడు, యా = 8 అంటాడు. ఆ రెండు యాతో కలిసి లేదు, యాను గుణిస్తోంది. దాన్ని విడిపించాలంటే రెండు వైపులా రెండుతో భాగించాలి. 8ని తిరిగి సమీకరణంలో పెట్టి చూస్తే 16 = 10 వస్తుంది. అక్కడే దొరికిపోయేది, కానీ సరిచూసే అలవాటు ఎవరికుంది?

ఇంకో పొడుపు లెక్క. కొలనులో కొన్ని తామరలు, పైన కొన్ని తుమ్మెదలు. పువ్వుకొకటి వాలితే ఒక తుమ్మెద మిగిలింది. పువ్వుకు రెండేసి వాలితే ఒక పువ్వు మిగిలింది. పూలెన్ని, తుమ్మెదలెన్ని? పూలు యా అనుకుంటే, మొదటి మాట ప్రకారం తుమ్మెదలు యా + 1. రెండో మాట ప్రకారం ఒక పువ్వు తప్ప మిగతా వాటి మీద రెండేసి ఉన్నాయి కాబట్టి 2(యా − 1), అంటే 2యా − 2. ఒకే తుమ్మెదలను రెండు రకాలుగా లెక్కపెట్టాం. అందుకే సమానం: యా + 1 = 2యా − 2. సమీకరణం ఎక్కడి నుంచి పుడుతుందని అడిగేవాళ్లకు ఇంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు. ఒకే రాశిని రెండు దారుల్లో చెప్పగలిగితే మధ్యలో సమాన గుర్తు దానంతట అదే వచ్చి కూర్చుంటుంది.

ఈ సమీకరణాన్ని తక్కెడలో పెట్టలేం. కుడివైపు "రెండు తక్కువ" అని ఉంది, లేని బరువును పళ్లెంలో ఎలా పెడతాం? ముందు ఆ లోటు పూడ్చాలి. రెండు వైపులా 2 కలిపితే యా + 3 = 2యా అవుతుంది. రెండు వైపులా ఒక యా తీసేస్తే 3 = యా. పూలు మూడు, తుమ్మెదలు నాలుగు. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్‌లో పనిచేసిన అల్ ఖ్వారిజ్మీ ఈ లోటు పూడ్చడాన్నే అల్ జబ్ర్ అన్నాడు, ఇంగ్లీషువాళ్ల ఆల్‌జీబ్రా అక్కడి నుంచే వచ్చింది. అరబ్బీలో ఆ మాటకు విరిగిన ఎముకను తిరిగి అతికించడం అనే అర్థం కూడా ఉంది. పుత్తూరు కట్టు తెలిసినవాళ్లకు ఇంతకంటే వివరించనక్కర్లేదు.

తక్కెడ పాఠంలో అసలు సంగతి ఒకటుంది, చాలాసార్లు చెప్పకుండానే దాటిపోతుంది. 5యా + 2 = 3యా + 10 అన్నదీ, 2యా = 8 అన్నదీ వేర్వేరు వాక్యాలు. కానీ మొదటిదాన్ని నిజం చేసే సంఖ్యలే రెండోదాన్నీ నిజం చేస్తాయి, వేరేవి చేయవు. ఒక వరుస నుంచి కింది వరుసకు దిగేటప్పుడు సాధనలు ఒక్కటీ జారిపోకూడదు, కొత్తగా ఒక్కటీ చొరబడకూడదు. రెండు వైపులా ఒకే సంఖ్యను కలపడం, తీసేయడం, సున్నా కాని సంఖ్యతో గుణించడం, భాగించడం ఈ హామీ ఇస్తాయి. సున్నాతో గుణిస్తే రెండు వైపులా సున్నాలే మిగులుతాయి, వాక్యం నిజమే గానీ యా గురించి అది ఏమీ చెప్పదు.

హామీ తప్పే చోటు ఒకటి చూడండి. యా × యా = 5యా. రెండు వైపులా యాతో భాగించి 5 అని రాసేయాలని చెయ్యి లాగుతుంది. 5 సాధనే. కానీ 0 పెట్టి చూడండి: 0 = 0, అదీ నిజమే. యాతో భాగించినప్పుడు యా సున్నా కాదని మనకు తెలియకుండానే ఒట్టు పెట్టుకున్నాం, ఆ ఒట్టులో ఒక సాధన కొట్టుకుపోయింది. కృష్ణను మరిచిపోయి గోదావరి దగ్గరే ఆగినట్టు.

హిమాలయాల నదికి జోడీ: యా + 1 = యా. ఏ సంఖ్యకు ఒకటి కలిపినా అదే సంఖ్య రాదు, సాధన లేదు. పిల్లలు దీన్ని సాధిస్తే 1 = 0 వస్తుంది. తామే తప్పు చేశామనుకుని కొట్టివేసి మళ్లీ మొదలుపెడతారు. తప్పేమీ లేదు, ఆ వాక్యం ఎప్పటికీ నిజం కాదని లెక్క చెబుతోంది. తడి నదికి జోడీ 2(యా + 3) = 2యా + 6. ఏ సంఖ్య పెట్టినా నిజమే, ఇలాంటివాటిని సర్వసమీకరణాలు అంటారు.

చిక్కైన సంగతి ఇంకొకటి మిగిలింది. 4యా + 20 = 4 తీసుకోండి. అలెగ్జాండ్రియాకు చెందిన ప్రాచీన గణితజ్ఞుడు డయోఫాంటస్ ఇలాంటి సమీకరణం ఎదురైతే అర్థంలేనిదని తోసిపుచ్చాడు. ఇరవైకి ఏదో కలిపితే నాలుగెలా అవుతుందన్నది ఆయన అభ్యంతరం. ఆయనకు తెలిసిన సంఖ్యల్లో వెతికితే నిజంగానే దొరకదు. మన బ్రహ్మగుప్తుడు 628లో రాసిన గ్రంథంలో ధనం, ఋణం అని రెండు రకాల రాశులు పెట్టి, ఆస్తికి అప్పు కలిపితే ఏమవుతుంది, అప్పును అప్పుతో గుణిస్తే ఏమవుతుంది అని నియమాలు చెప్పాడు. ఆ నియమాలతో చూస్తే యా = −4 సాధన. సమీకరణం మారలేదు, వెతికే చోటు మారింది. అలాగే పూర్ణ సంఖ్యల్లో 2యా = 7కు సాధన లేదు, భిన్నాలను రానిస్తే ఉంది. సాధన ఉందా అని అడిగేముందు, ఏ సంఖ్యల్లో అని అడగాలి.

ఇది పుస్తకంలో చెబితే ఎక్కలేదు గానీ, సెలవులు అయిపోయే ముందు దానంతట అదే ఎక్కింది. తుమ్మెదల లెక్కను మార్చి నాకు పరీక్ష పెడతానని కూర్చుంది మా అన్నయ్య కూతురు. పువ్వుకొకటి వాలితే రెండు తుమ్మెదలు మిగిలాయట, పువ్వుకు మూడేసి వాలితే ఒక పువ్వు మిగిలిందట. యా + 2 = 3(యా − 1) అని రాసి సాధించాను. 2యా = 5, యా రెండున్నర. సరిచూశాను: ఎడమవైపు నాలుగున్నర, కుడివైపు ఒకటిన్నరకు మూడు రెట్లు, అదీ నాలుగున్నరే. సమీకరణం తృప్తిపడింది. కాగితం ఆమె ముందు పెట్టి, "రెండున్నర పూలేమిటమ్మా?" అన్నాను.

కాసేపు చూసి, "ఒకటి ఇంకా సగమే విచ్చుకుంది బాబాయ్" అంది.

"మరి నాలుగున్నర తుమ్మెదలు?"

జవాబు చెప్పలేదు. కాగితం లాక్కుని, మొదటి మాటలోని రెండును కొట్టివేసి, దాని మీద మూడు వేసి, మళ్లీ నా వైపు తోసింది.